అటకెక్కిన స్పిట్‌ఫైర్

విశాఖపట్నం,
ఆదివారం.

చిరంజీవి కావ్యకు,

నువ్వు పంపిన ఫోటో నిన్న రాత్రి చూశాను. ఫోన్లో అయితే రెండు ముక్కల్లో తేలిపోతుందని కాగితం తీశాను.

స్పిట్‌ఫైర్ విమానం నమూనాకి పైలట్ మీద ఉండే గాజులాంటి మూత, అదే కానోపీ, లోపల మంచు పట్టినట్టు తెల్లబడిపోయిందనీ, మూడు వారాల పని బూడిదలో పోసిన పన్నీరయిందనీ, కిట్టు మొత్తం డబ్బాలో పెట్టి అటకెక్కించేశాననీ రాశావు. పైగా మీ నాన్న, "ఇంజనీరింగ్ చదివే పిల్లవి, ఈ ప్లాస్టిక్ బొమ్మలేమిటి?" అన్నాడని కూడా. బావకి నేను జవాబు చెప్పను. ఆయన్ని ఒప్పించాల్సిన అవసరం నీకూ లేదు. నీకు మాత్రం చెప్పాల్సింది చాలా ఉంది.

ముందు కానోపీ సంగతి. సూపర్‌గ్లూ ఆరేటప్పుడు దాంట్లోంచి ఆవిరి వస్తుంది. గాలాడని చోట ఆ ఆవిరి ప్లాస్టిక్ మీద తెల్లటి పొరలా పేరుకుంటుంది. నీకు జరిగింది అదే. గాజులాంటి ముక్కలకు ఫెవికాల్ చాలు. పూసినప్పుడు తెల్లగా ఉంటుంది, ఆరాక కనబడదు. ఒలికినా తడిగుడ్డతో తుడిచేయొచ్చు. మిగతా ముక్కలకు ప్లాస్టిక్ సిమెంటు వాడు. అది మామూలు జిగురులా పైపైన పట్టుకోదు. రెండు అంచుల్నీ కాస్త కరిగించి కలిపేస్తుంది, ఆరాక రెండూ ఒకే ముక్క. ఇది ఎవరూ చెప్పకపోవడం వల్ల నేను మూడు విమానాలు పాడు చేసుకున్నాను. నీకు ఒకటితో తెలిసిపోయింది.

ఇక నువ్వడిగిన అసలు ప్రశ్న. "చివరికి బీరువాలో పెట్టేదే కదా మావయ్యా, దీనికోసం ఇంతమంది రాత్రుళ్లు మేలుకుని ఎందుకు చేస్తారు?"

నేను షిప్‌యార్డు డ్రాయింగ్ ఆఫీసులో ముప్ఫయ్యొక్క ఏళ్లు పనిచేశానని నీకు తెలుసు. ఏం గీశానో ఎప్పుడూ చెప్పలేదనుకుంటాను. పైపులు గీశాను. ఇంజన్ రూములోకి సముద్రపు నీళ్లు తెచ్చే పైపులు, అడుగున చేరిన నీటిని బయటకు తోడే పైపులు, వాటి వంపులు, వాల్వులు. ఒక్కో షీటు మీద ఓడలో ఏదో ఒక మూల నాలుగైదు మీటర్ల మేర. ఓడ నీళ్లలోకి జారే రోజున మేమందరం వెళ్లి నిలబడేవాళ్లం. దగ్గర నుంచి చూస్తే ఓడ కనబడదమ్మా, ఇనప గోడ కనబడుతుంది. దూరంగా వెళ్తే ఓడ కనబడుతుంది గానీ నా పైపు ఎక్కడుందో తెలియదు.

మా ఆఫీసు హాల్లో గాజు పెట్టెలో ఒక సరుకు ఓడ నమూనా ఉండేది. చేరిన కొత్తలో భోజనాల వేళ క్యారియర్ పట్టుకుని దాని ముందే నిలబడేవాణ్ని. మూరెడు పొడవు కూడా ఉండదు. పొగగొట్టం కింద, వెనక వైపుకి, నా ఇంజన్ రూము. గాజు మీద వేలు పెట్టి ఇదిగో ఇక్కడ అని చూపించగలిగేవాణ్ని. అప్పట్నుంచి షీటు మీద గీసే గీత తీరే మారిపోయింది నాకు.

నిజం ఓడలో ముందు ముక్కలు తెలుస్తాయి, మొత్తం ఎప్పటికో తెలుస్తుంది. చాలామంది అది తెలియకుండానే రిటైరయిపోతారు. నమూనాలో మొత్తం ముందే చేతిలో ఉంటుంది, అక్కణ్నుంచి ముక్కల్లోకి దిగుతాం. ఫ్రెంచి మానవశాస్త్రవేత్త క్లాడ్ లెవీ-స్ట్రాస్ 1962లో అచ్చయిన తన పుస్తకంలో ఈ సంగతే చెప్పాడని ఎంతో కాలానికి తెలిసింది. గాజు పెట్టె ముందు నిలబడ్డ ట్రైనీ కుర్రాడికి తోచిందే అంత పెద్దాయనకీ తోచిందని సంతోషపడ్డాను.

రెండో కారణం, చూపు. రామకృష్ణా బీచ్‌లో కుర్సురా జలాంతర్గామి ఉంది కదా, చిన్నప్పుడు నిన్ను ఎత్తుకుని లోపలంతా తిప్పాను. 1969 డిసెంబరులో నౌకాదళంలో చేరి, ముప్ఫయ్యొక్క ఏళ్లు పనిచేసి, 2002లో మ్యూజియమై ఒడ్డున నిలిచింది. దాని పక్కనుంచి రోజూ నడిచేవాణ్ని. దానికి వెనక మూడు ప్రొపెల్లర్లున్నాయని నాకెప్పుడు తెలిసిందంటావు? నమూనా చేయడానికి కూర్చుని, తోక దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. రెండా, మూడా? మర్నాడు పొద్దున్నే నోటుపుస్తకం పట్టుకుని వెళ్లి చూశాను. ఓడల మధ్య బతికినవాణ్ని, నాలుగేళ్లు రోజూ దాని పక్కనే నడిచినవాణ్ని. కళ్లు చూసుకుంటూ పోయాయి, చెయ్యి వచ్చి అడిగాక గానీ అసలు చూడలేదు. నిజం జలాంతర్గామి 91 మీటర్లు. 350 వంతుల్లో ఒక వంతు చేస్తే 26 సెంటీమీటర్లు, నీ స్కేలు కన్నా పొట్టి. ఆ 26 సెంటీమీటర్ల కోసం బీచ్‌కి ఎన్నిసార్లు వెళ్లానో లెక్క లేదు.

మీ అమ్మమ్మ బొమ్మల కొలువు గుర్తుందా? పళ్లగంప ఎత్తుకున్న ఆవిడ రాములవారి గుడి కన్నా పెద్దది. ఎవరూ తప్పు పట్టేవారు కాదు, కొలువులో అది అందమే. మన పనిలో ఆ వీలు లేదు. ఒక్క అంకె ఒప్పుకున్నామంటే తలుపు గడియ దగ్గర్నుంచి రెక్క చివరి దాకా అన్నీ దానికి లోబడాల్సిందే. నీ కిట్టు 72లో ఒక వంతు. అంటే ఆరడుగుల మనిషి సరిగ్గా అంగుళం. స్పిట్‌ఫైర్ రెక్కలు ఈ కొస నుంచి ఆ కొసకు 36 అడుగుల 10 అంగుళాలు, నీ బల్ల మీద పదిహేనున్నర సెంటీమీటర్లు. ఆ అంగుళం మనిషిని పక్కన నిలబెట్టుకుని చూస్తే ఆ కాక్‌పిట్ ఎంత ఇరుకో ఒంటికే తెలుస్తుంది.

అయితే అంకెలన్నీ ఇలా ఆలోచించి పుట్టినవే అనుకోకు. ట్యాంకులకు 35లో వంతు ఎందుకొచ్చిందో తెలుసా? జపాన్‌లో షిజువోకాకి చెందిన తమియా, మొదట కలప వ్యాపారం. 1960ల మొదట్లో వాళ్లు పాంథర్ ట్యాంకు కిట్టు చేస్తూ, లోపల మోటారూ రెండు బ్యాటరీలూ పట్టేలా కొలత పెట్టుకున్నారు. తీరా లెక్క చూస్తే అది సుమారు 35లో వంతు అయింది. బ్యాటరీల కోసం పెట్టుకున్న కొలత ప్రపంచమంతా ట్యాంకుల కొలతయి కూర్చుంది! ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు ముచ్చటేస్తుంది.

ఇప్పుడు అసలు నిన్ను ఊరించే సంగతి. నీ స్పిట్‌ఫైర్ రెక్కల ముందు అంచున అతికించమని చిన్న ఎర్ర డెకాల్స్ ఇచ్చి ఉంటారు. అవి అలంకారం కాదు. ఒక్కో రెక్కలో నాలుగేసి మెషిన్‌గన్నులు. వాటి మూతుల్లో దుమ్మూ తేమా చేరకుండా పైన గుడ్డ పట్టీ అతికించేవారు. కాల్చినప్పుడు గుళ్లు దాన్ని చీల్చుకుని పోయేవి. విమానం దిగాక చిరిగిన పట్టీలు చూస్తే చాలు, ఇది కాల్చి వచ్చిందని కింద ఉన్న మెకానిక్కులకు తెలిసిపోయేది. నువ్వు ఆ డెకాల్స్ అతికిస్తే నీ విమానం ఇంకా యుద్ధానికి వెళ్లలేదన్నమాట. అతికించకుండా రంధ్రాల చుట్టూ మసి రాస్తే వెళ్లి వచ్చిందన్నమాట. ఏది చేయాలో నువ్వే తేల్చుకో.

ఇంకో సంగతి. డబ్బాలో ఇచ్చిన గుర్తులే వేయాలని లేదు. 1940లో ఇంగ్లండు దక్షిణ తీరాన వార్మ్‌వెల్ నుంచి స్పిట్‌ఫైర్‌లతో ఎగిరిన 152వ స్క్వాడ్రన్ పేరేమిటో తెలుసా? హైదరాబాద్ స్క్వాడ్రన్. నిజాం ఇచ్చిన విరాళానికి గుర్తుగా ఆ పేరు పెట్టారు. వాళ్ల చిహ్నం మీద నిజాం తలపాగా ఉంటుంది. వాళ్ల విమానాల రెండు పక్కలా యు, ఎం అని రెండు అక్షరాలు రాసేవారు. కుర్సురా అయ్యాక ఒక విమానం చేద్దామని రంగుల కోసం వెతుకుతుంటే ఇది దొరికింది. మన హైదరాబాద్ పేరు మోసుకుని ఇంగ్లీషు ఛానెల్ మీద ఎగిరిన విమానం! ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

3డి ప్రింటరుంటే గంటల్లో వచ్చేస్తుంది కదా అన్నావు. వస్తుంది. మన చేతికి అందని ముక్క కోసం ప్రింటరు వాడితే నాకు అభ్యంతరం లేదు. కానీ మొత్తం విమానమే అలా తయారై వస్తే ప్రొపెల్లర్లు రెండా మూడా అని నీ చెయ్యి నిన్ను అడగదు.

అటక మీంచి డబ్బా దించు. ఒక్క రాత్రిలో పూర్తి చేద్దామని కూర్చోకు. జిగురు పూయకముందు ముక్కలు ఊరికే ఆనించి చూసుకో. రంగు పలచగా, రెండు మూడు సార్లుగా వెయ్యి. వాన పట్టిన రోజున లాకర్ రంగు జోలికి వెళ్లకు, తేమకి తెల్లబడుతుంది. ఎయిర్‌బ్రష్ ఇప్పుడే కొనొద్దు, మంచి కుంచె ఒకటి చాలు. ఏరియల్ తీగ ఎలా అని అడిగావు. ముక్కలు తెంపుకోగా మిగిలిన ఫ్రేము పుల్లని దీపం సెగ మీద, మంటకి తగలకుండా, తిప్పుతూ ఉండు. మెత్తబడగానే పక్కకి తీసి రెండు చేతులా లాగు. మీ అమ్మ తీగపాకం వేళ్ల మధ్య పట్టి చూస్తుందే, అలా తీగ సాగుతుంది. మెల్లగా లాగితే లావు, గబుక్కున లాగితే వెంట్రుకంత సన్నం. మొదటి పది తెగుతాయి. పదకొండోది నిలిచినప్పుడు నాకు ఫోన్ చెయ్యి, ఎంత రాత్రయినా సరే.

ఈ ఉత్తరంతో పాటు చిన్న డబ్బా కొరియర్ చేస్తున్నాను. అందులో ఒక కానోపీ ఉంది. రెక్క విరిగిన నా స్పిట్‌ఫైర్‌ది, నీ కిట్టు లాంటిదే. ఫెవికాల్‌తో అతికించింది కాబట్టి గోరుతో లేపితే గీత పడకుండా ఊడొచ్చింది. పాత డెకాల్ షీటు లోంచి యు, ఎం అక్షరాలు రెండు జతలు కత్తిరించి పెట్టాను. విమానానికి ఒక్కో పక్కన ఒక జత. నీ పాత కానోపీ పారేయకు, కాస్త టూత్‌పేస్టు పెట్టి మెత్తటి గుడ్డతో లోపలి వైపు రుద్ది చూడు. దసరాకి వచ్చేటప్పుడు రెండూ తీసుకురా.

ఇట్లు,
మీ మావయ్య