వైద్య పత్రాలు – రోగి గోప్యత

పాఠ్యభాగ ఉద్దేశం

వైద్యశాలలోని కాగితం రోగి శరీరానికి సంబంధించిన సమాచారాన్నే కాక అతని జీవనోపాధిని, కుటుంబ గౌరవాన్ని కూడా మోస్తుంది. ఆ కాగితాన్ని ఎవరు చూడవచ్చు, ఎవరు చూడరాదు, ఎప్పుడు చెప్పక తప్పదు అన్న విచక్షణను విద్యార్థులలో పెంపొందించడం ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

పాఠ్యభాగం

గోదావరి తీరాన రామగుండం ప్రాంతంలో బొగ్గు, విద్యుత్తు తోబుట్టువులవలె పెరిగాయి. గోదావరిఖని చుట్టూ సింగరేణి గనులు, జ్యోతినగర్‌లో జాతీయ తాప విద్యుత్ సంస్థ ఉద్యోగుల నివాసాలు వెలిశాయి. ఇటువంటి పారిశ్రామిక పట్టణాలకు ఒక ప్రత్యేకత ఉంది. పని ఇచ్చేది, క్వార్టర్ ఇచ్చేది, జబ్బుచేస్తే ఆసుపత్రిలో చేర్చుకొనేది తరచుగా ఒకే సంస్థ. పక్క క్వార్టర్‌లోని వ్యక్తే గనిలో సహచరుడు. అతని బంధువే ఆసుపత్రిలో ఉద్యోగి కావచ్చు. కష్టకాలంలో పదిమంది ఆదుకోవడానికి ఈ సాన్నిహిత్యం ఎంత మేలు చేస్తుందో, దాచుకోవలసిన మాట దాగకుండా పోవడానికి కూడా అంతే కారణమవుతుంది. ఉదయం ఓ.పి. చీటీపై వ్రాసిన వ్యాధి పేరు రెండో షిఫ్టు మొదలయ్యేలోగా గని దాకా చేరితే ఆశ్చర్యపడవలసిన పని లేదు.

వైద్యుని వద్ద మనిషి ఇతరులెవ్వరికీ చెప్పని విషయాలు చెబుతాడు. తాగుడు అలవాటు, దాంపత్యంలోని కలత, మానసిక వ్యథ, పూర్వం వచ్చిన వ్యాధి మొదలైనవన్నీ కేస్ షీట్‌లోకి ఎక్కుతాయి. రోగోపశమనం కోసం చెప్పిన ఆ మాట మరొక ప్రయోజనానికి వాడబడుతుందన్న భయం కలిగితే రోగి నిజం చెప్పడు. నిజం తెలియని వైద్యుడు సరైన చికిత్స చేయలేడు. కనుక గోప్యత అనేది రోగికి చూపే మర్యాద మాత్రమే కాదు. అది చికిత్సలో ఒక భాగం.

ఈ సత్యాన్ని ప్రాచీనులు ఏనాడో గుర్తించారు. చరకసంహిత విమానస్థానంలోని ఎనిమిదవ అధ్యాయం వైద్యవిద్యార్థికి గురువు చేసే ఉపదేశాన్ని వివరిస్తుంది. రోగి ఇంటిలో అడుగుపెట్టిన వైద్యుడు అక్కడ తెలుసుకొన్న గృహవిషయాలను వెలుపల ప్రకటించరాదన్నది అందులోని ఒక నియమం. గ్రీకు వైద్యుడు హిపోక్రటీస్ పేర వ్యాప్తిలో ఉన్న ప్రతిజ్ఞ కూడా ఇదే ధర్మాన్ని బోధిస్తుంది. భారత వైద్యమండలి 2002లో రూపొందించిన వృత్తి ప్రవర్తనా నియమావళి ఈ ధర్మాన్నే నిబంధనగా మార్చింది. అయితే ప్రాచీన వైద్యుడు తన నాలుకను అదుపులో పెట్టుకొంటే సరిపోయేది. నేటి వైద్యుడు చెప్పకపోయినా అతడు వ్రాసిన కాగితం చెబుతుంది.

కాగితానికి తనవైన బలహీనతలు ఉన్నాయి. దానికి సంకేతపదం ఉండదు; చదువు వచ్చిన ప్రతివాడూ చదవగలడు. ఎవరు చూశారో, ఎప్పుడు చూశారో దానిపై జాడ మిగలదు. బల్లమీద తెరిచి ఉంచిన రిజిస్టరులో ఒకరు తమ పేరు వెతుక్కుంటూ పైనున్న పది పేర్లు, పది వ్యాధులు చదివేయగలరు. పాత కాగితాలను తూకానికి అమ్మితే ఒకనాటి కేస్ షీట్ కిరాణా దుకాణంలో పొట్లమై మరొకరి ఇంటికి చేరగలదు. ఈ సందర్భాలలో ఎవ్వరికీ దురుద్దేశం ఉండనక్కరలేదు. అజాగ్రత్త ఒక్కటే చాలు.

గని ప్రాంతంలో ఈ సమస్య మరింత సున్నితమైనది. గని కార్మికులకు ఉద్యోగంలో చేరేముందు ఒకసారి, ఆ తరువాత ఐదేళ్ళకు మించని వ్యవధిలో మళ్ళీ మళ్ళీ వైద్య పరీక్షలు జరపాలని 1955 నాటి గనుల నియమాలు నిర్దేశించాయి. ఆ పరీక్ష కార్మికుని అర్హతానర్హతలను తేలుస్తుంది. అనారోగ్యం వల్ల పనికి అనర్హుడని మెడికల్ బోర్డు నిర్ణయించిన కార్మికుని వారసునికి కారుణ్య నియామకం కింద ఉద్యోగమిచ్చే పద్ధతి సింగరేణిలో ఉంది. అంటే ఒక వైద్య పత్రంపై ఒక ఇంటి అన్నం ఆధారపడి ఉంటుంది. అటువంటి కాగితంపై బంధువులకు, ఇరుగుపొరుగులకు, మధ్యవర్తులకు ఆసక్తి కలగడం సహజం. ఇక్కడ ఒక సూక్ష్మమైన గీత గీయాలి. కార్మికుడు భూగర్భంలో పనిచేయడానికి తగినవాడా, కాడా అన్నది యాజమాన్యం తెలుసుకోవలసిన విషయం. అతని రక్తపరీక్షలో ఏమి తేలింది, అతడు ఏ మాత్రలు వాడుతున్నాడు అన్నది వైద్యుని బీరువాలో ఉండవలసిన విషయం. ఆసుపత్రి, గని ఒకే సంస్థవైనా ఈ రెండింటి మధ్య తలుపు మూసి ఉండాలి. హెచ్.ఐ.వి. విషయంలో 2017లో వచ్చిన చట్టం ఈ తలుపును మరింత దృఢం చేసింది. ఉద్యోగం ఇవ్వడానికి హెచ్.ఐ.వి. పరీక్షను షరతుగా పెట్టరాదని అది శాసించింది.

‘కాగితం ఆసుపత్రిది కదా, దానిపై రోగికి హక్కేమిటి?’ అన్న ప్రశ్న రావచ్చు. దీనికి సమాధానం హైదరాబాదు నుండి వెళ్ళిన ఒక వ్యాజ్యంలో దొరుకుతుంది. 1986లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం స్టాంపుల చట్టానికి చేసిన సవరణ, కలెక్టరు అధికారమిచ్చిన ఎవరైనా దస్తావేజులున్న చోటికి వెళ్ళి వాటిని తనిఖీ చేయడానికి వీలు కల్పించింది. ఖాతాదారుల పత్రాలున్న బ్యాంకులు దీనిని ప్రశ్నించాయి. రాష్ట్ర హైకోర్టు ఆ నిబంధనను కొట్టివేసింది. హైదరాబాదు జిల్లా రిజిస్ట్రారు, కలెక్టరు ఒక పక్షంగా, కెనరా బ్యాంకు మరొక పక్షంగా నడిచిన ఆ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2004లో హైకోర్టు తీర్పును సమర్థించింది. గోప్యత స్థలానికి కాక మనిషికి చెందినదని, పత్రం బ్యాంకు చేతికి వెళ్ళినంత మాత్రాన ఖాతాదారుని గోప్యత తొలగిపోదని ఆ తీర్పు సారాంశం. వ్యాజ్యం బ్యాంకు పత్రాల గురించినదే అయినా అందులోని న్యాయం వైద్య పత్రాలకు కూడా వెలుగు చూపుతుంది. కాగితం ఆసుపత్రిది; అందులోని జీవితం రోగిది. 2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించడంతో ఈ భావన మరింత స్థిరపడింది.

అయితే ఏ హక్కూ హద్దులు లేనిది కాదు. గని కార్మికునికి సిలికోసిస్, న్యూమోకోనియోసిస్ వంటి ప్రకటిత వృత్తివ్యాధి సోకిందని వైద్యుడు భావిస్తే, చట్టం ప్రకారం ప్రధాన తనిఖీ అధికారికి తెలియజేయాలి. ఒక్కని ఊపిరితిత్తులలోని ధూళి మిగిలిన కార్మికులకు కూడా హెచ్చరిక కనుక ఈ నియమం అవసరమైంది. క్షయవ్యాధిని గురించి కూడా ప్రభుత్వానికి తెలపాలన్న ఉత్తర్వు 2012లో వచ్చింది. చెన్నై ఆసుపత్రి ఒకటి తన హెచ్.ఐ.వి. స్థితిని వెల్లడించడం వల్ల పెళ్ళి ఆగిపోయిందని ఒక వ్యక్తి వేసిన దావాలో, వధువు ప్రాణానికి ముప్పు ఉన్నప్పుడు గోప్యత దానికి అడ్డు కారాదని సుప్రీంకోర్టు 1998లో తీర్పు చెప్పింది. ఈ మూడింటిలోను ఒక సామ్యం ఉంది. సమాచారం అవసరమైన చోటికే వెళ్ళాలి. అధికారికి తెలపడం వేరు, వరండాలో అరిచి చెప్పడం వేరు.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కంప్యూటరులోని వివరాలకు, కాగితం నుండి కంప్యూటరులోకి ఎక్కించిన వివరాలకు వర్తిస్తుంది. కేవలం కాగితంగా మిగిలిన పత్రం దాని పరిధిలోకి రాదు. కాబట్టి చిన్న క్లినిక్కులలో వృత్తి నియమావళి, సిబ్బంది మనస్సాక్షి ముఖ్యమైన కాపలాదారులు.

కాగితంపై రహస్యం నిలవదనుకోవడం మాత్రం పొరపాటు. 1971 గర్భస్రావ చట్టం కింద 2003లో వెలువడిన నిబంధనలే ఇందుకు నిదర్శనం. అంగీకారపత్రాన్ని కవరులో ఉంచి మూసి, దానిపై క్రమసంఖ్య వేసి, ‘రహస్యం’ అని గుర్తించి, భద్రపరచాలి. ఆసుపత్రిలోని ఇతర పత్రాలలో ఆ స్త్రీ పేరుకు బదులు క్రమసంఖ్యనే వాడాలి. ఒక వర్గం రోగులకు చట్టం నేర్పిన ఈ జాగ్రత్తను అందరికీ విస్తరించడానికి పెద్ద ఖర్చు అవసరం లేదు. ఫైలు అట్టపై వ్యాధి పేరు వ్రాయకుండా సంఖ్య వేయడం, రిజిస్టరును రోగుల చూపుకు అందని చోట ఉంచడం, బీరువాకు తాళం వేసి తాళపుచెవి ఒకరి బాధ్యతలో పెట్టడం, ఫైలు బయటికి తీసినవారి పేరు, సమయం ఒక పుస్తకంలో నమోదు చేయడం, ఒక విభాగం నుండి మరొక విభాగానికి మూసిన కవరులో పంపడం, గడువు తీరిన పత్రాలను తూకానికి అమ్మక ముక్కలు చేసి నాశనం చేయడం ఇందులో ముఖ్యమైనవి. అత్యవసర చికిత్స సమయంలో కూడా ఇవి ఆటంకం కావు.

గోప్యత పేరుతో రోగికే అతని పత్రాలు చూపకపోవడం మరొక అన్యాయం. 2002 నియమావళి ప్రకారం చికిత్స ప్రారంభమైన నాటి నుండి మూడేళ్ళు వైద్య పత్రాలను భద్రపరచాలి. రోగి కోరితే 72 గంటలలోగా అందజేయాలి. వృత్తివ్యాధికి పరిహారం కోరే కార్మికునికి ఆ కాగితమే సాక్ష్యం. పరులకు మూసిన తలుపు రోగికి తెరిచి ఉండాలి.

వైద్యుని నుండి ఫైలు మోసే ఆయా వరకు ఆ కాగితాన్ని తాకిన ప్రతి ఒక్కరూ ఒక మనిషి పరువును చేతపట్టుకొన్నవారే. రేపు ఏ కార్యాలయంలో పనిచేసినా, ఎవరి దస్త్రం చేతికి వచ్చినా, ఈ ఎరుక కలిగి ఉండటం విద్యావంతుని లక్షణం.

పదాలు – అర్థాలు

గోప్యత = రహస్యంగా ఉంచదగిన స్థితి
దస్తావేజు = అధికార పత్రం
వ్యాజ్యం = న్యాయస్థానంలోని తగవు
నిదర్శనం = ఉదాహరణ
ఎరుక = తెలివిడి, స్పృహ

ప్రశ్నలు

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. గని ప్రాంతాలలో రోగి గోప్యత ఎందుకు మరింత సున్నితమైన సమస్య అయిందో వివరించండి.
2. కాగితపు పత్రాలలోని బలహీనతలను, వాటిని అధిగమించే మార్గాలను చర్చించండి.

ఆ) సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. గోప్యత చికిత్సలో భాగమని ఎందుకు చెప్పవచ్చు?
2. బ్యాంకు పత్రాలపై 2004లో వచ్చిన తీర్పు వైద్య పత్రాలకు ఎలా అన్వయిస్తుంది?
3. రోగి వివరాలను వెల్లడించక తప్పని సందర్భాలు ఏవి?

ఇ) సంధులు విడదీసి పేర్కొనండి
రోగోపశమనం, అర్హతానర్హతలు, అత్యవసరం