ముందుగా రాయాల్సింది ఆఖరి రాత్రి

ఉస్మానియా క్యాంపస్‌లో అండమాన్ ట్రిప్పు ఏటా పుడుతుంది. తార్నాక చౌరస్తాలో చాయ్ చల్లారేలోపే పోతుంది. "పోదాం మామా" అని అందరూ అంటారు. "ఎప్పుడు?" అంటే ఎవరి ఫోన్‌లోకి వాళ్లు చూసుకుంటారు. మేమూ రెండేళ్లు అలాగే గడిపాం. మూడో ఏడు ఐదుగురం నిజంగానే వెళ్లొచ్చాం. మాకు కొత్తగా డబ్బేమీ కలిసిరాలేదు, పద్ధతి మార్చుకున్నామంతే. ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద నాలుగు సాయంత్రాలు కూర్చుని ఒక నోట్‌బుక్‌లో రాసుకున్న వరస ఇది.

మొదటి మెట్టు: చీటీలు

ఊరు పేరు ఎత్తకముందే డబ్బు మాట తేలాలి. నలుగురిలో "నా దగ్గర గన్ని పైసల్లేవు" అని నోరు విప్పడం కష్టం. అందుకే ఆ మనిషి సరే అంటాడు, ఆఖరి వారంలో అమ్మకు బాగాలేదంటాడు. మా లెక్కల మిత్రుడు నోట్‌బుక్ లోంచి ఒక కాగితం చింపి ఐదు ముక్కలు చేశాడు. ఎవరు ఎంత వరకు పెట్టగలరో పేరు లేకుండా రాసి మడతపెట్టాలి. విప్పితే నలభై, ముప్పై ఐదు, ముప్పై, ముప్పై, ఇరవై ఐదు వేలు వచ్చాయి. సగటు తీయలేదు. అన్నింటికన్నా చిన్న అంకె కింద గీత గీసి, "ఇదే బడ్జెట్" అన్నాడు. ఆ చీటీ ఎవరిదని ఎవరూ అడగలేదు. నాదే. ఇప్పటికీ చెప్పలేదు.

రెండో మెట్టు: ఏ దీవి?

మాల్దీవులు అన్నవాళ్లున్నారు. మనవాళ్లకు వీసా అక్కడ దిగాక ఇస్తారు, నిజమే. కానీ మాలో ఇద్దరికి పాస్‌పోర్టే లేదు. లక్షద్వీప్‌కు పోవాలంటే ముందుగా అనుమతి పత్రం తీసుకోవాలి, మామూలుగా కొచ్చి చేరుకుని అక్కడి నుంచి అగత్తికి విమానం ఎక్కాలి. ఐదు రోజుల సెలవులో సగం దారిలోనే పోతుంది. అండమాన్‌కు హైదరాబాద్ నుంచి నేరుగా విమానం ఉంది, దాదాపు రెండున్నర గంటల్లో దిగొచ్చు. విశాఖ నుంచి ఓడ కూడా ఉంది గానీ, ఎప్పుడో ఒకటి బయలుదేరుతుంది, చేరడానికి రెండున్నర, మూడు రోజులు పడుతుంది. అక్కడి రాజధాని పోర్ట్‌బ్లెయిర్‌కు గానీ, అందరూ వెళ్లే హేవ్‌లాక్, నీల్ దీవులకు గానీ మనకు వేరే అనుమతి అక్కర్లేదు.

పేర్ల దగ్గర జాగ్రత్త. పోర్ట్‌బ్లెయిర్ 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అయింది. 2018 డిసెంబరులో హేవ్‌లాక్ స్వరాజ్ ద్వీప్‌గా, నీల్ షహీద్ ద్వీప్‌గా మారాయి. 1943 డిసెంబరు 30న నేతాజీ పోర్ట్‌బ్లెయిర్‌లో జెండా ఎగరేసి, అండమాన్ నికోబార్ దీవులను పిలిచిన పేర్లవి. బుకింగ్ పేజీల్లో పాత పేరు ఒకచోట, కొత్త పేరు ఇంకోచోట కనిపిస్తే అవి వేర్వేరు ఊళ్లనుకుని కంగారుపడొద్దు.

మూడో మెట్టు: నెల

నైరుతి రుతుపవనాలు కేరళకన్నా ముందు పలకరించేది అండమాన్‌నే, మే రెండో సగంలో. అక్కడి నుంచి సెప్టెంబరు దాకా వానలు. అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం. సముద్రం నిదానంగా ఉండేది జనవరి నుంచి ఏప్రిల్ దాకా. సంక్రాంతి, రిపబ్లిక్ డే సెలవులు కలిసొస్తాయి గానీ టికెట్ ధర కొండెక్కి కూర్చుంటుంది. మేం ఫిబ్రవరిలో మంగళవారం బయలుదేరి శనివారం తిరిగొచ్చేలా పెట్టుకున్నాం. మా రీసెర్చ్ గైడ్లకు సెలవు సంగతి ముందే చెప్పాం. ఇది చిన్న మెట్టులా కనిపిస్తుంది గానీ సగం ట్రిప్పులు జారిపడేది ఇక్కడే.

నాలుగో మెట్టు: వెనక నుంచి రాయడం

అసలు పని ఇదే. మామూలుగా మనం మొదటి రోజు నుంచి రాస్తాం: దిగడం, బీచ్, ఇంకో బీచ్. ఐదో రోజుకొచ్చేసరికి ఊపిరాడదు. దీవిలో గడియారం మన చేతిలో ఉండదు, పడవ చేతిలో ఉంటుంది. గాలి తిరిగిందంటే పడవ ఆగుతుంది. విమానం మాత్రం మనకోసం ఆగదు. అందుకే కాగితం అడుగున ముందుగా "శనివారం: విమానం" అని రాశాం. దాని పైన "శుక్రవారం రాత్రి: శ్రీ విజయపురంలోనే నిద్ర" అని. ఈ ఒక్క వాక్యాన్ని ఎవరేం చెప్పినా కదిలించకూడదని ఒట్టు వేసుకున్నాం. శుక్రవారం పొద్దున హేవ్‌లాక్ నుంచి పడవ. అది రద్దయితే మధ్యాహ్నం పడవ ఉంటుంది కాబట్టి ఆ పూట ఖాళీ.

గురువారం స్కూబా. ఇది ఆఖరి రోజున పెట్టకూడదు. నీళ్ల లోతున ఒత్తిడికి మనం పీల్చే గాలిలోని నైట్రోజన్ రక్తంలో కరుగుతుంది. వెంటనే విమానం ఎక్కితే, పైన ఒత్తిడి తగ్గి, గోలీసోడా కొట్టినప్పుడు బుడగలు పొంగినట్టు ఒంట్లో బుడగలు కట్టే ప్రమాదం ఉంది. కనీసం 12 నుంచి 18 గంటల ఎడం కావాలి. ఒక పూర్తి రోజు ఉంటే నిశ్చింత. ఈత రానివాళ్లను కూడా శిక్షకుడు పట్టుకుని దింపుతాడు. ఆస్తమా, చెవి జబ్బు, జలుబు ఉంటే మాత్రం దాచొద్దు.

బుధవారం హేవ్‌లాక్ చేరి సాయంత్రం రాధానగర్ బీచ్. ఇక్కడ మా జియాలజీ మిత్రురాలు పెన్ను లాక్కుంది. "సూర్యాస్తమయం ఆరున్నరకు అని ఎవరు రాసిన్రు?" హైదరాబాద్ రేఖాంశం దాదాపు 78.5, అండమాన్‌ది 92.7. డిగ్రీకి నాలుగు నిమిషాలు. అంటే గడియారం ఒకటే అయినా సూర్యుడు మనకన్నా దాదాపు గంట ముందు వచ్చి, గంట ముందు పోతాడు. ఫిబ్రవరిలో ఐదున్నరకే పొద్దు గూకుతుంది. మధ్యాహ్నం భోజనం చేసి పడుకుంటే రాధానగర్‌లో చీకటే చూస్తాం.

మంగళవారం సెల్యులార్ జైలు. 1906లో కట్టడం పూర్తయినప్పుడు దానికి ఏడు రెక్కలు. ఇప్పుడు మిగిలినవి మూడు. అల్లూరి అనుచరుడు గాం మల్లుదొర అండమాన్ శిక్ష అనుభవించి వచ్చి, తర్వాత తొలి లోక్‌సభకు ఎన్నికైన మనిషి. ఆ సంగతి తెలిసి వెళ్తే ఆ గదుల ముందు నిలబడే తీరు మారుతుంది.

నీల్ ద్వీపం, బారాటాంగ్ గుహలు కొట్టేశాం. గుహలకు వెళ్లే దారి జరావా ఆదివాసుల అడవి మీదుగా పోతుంది. వాళ్లను ఫొటో తీయడం నేరం. తీయకపోయినా, వాళ్ల ఇంటి ముందు నుంచి బస్సులో తొంగి చూసుకుంటూ పోవడం మాలో ముగ్గురికి నచ్చలేదు.

ఐదో మెట్టు: బుకింగ్ వరస

ముందు పడవల వేళలు చూడాలి, తర్వాత విమానం, అదే రోజు పడవ టికెట్, ఆపైన గది, చివర్లో స్కూబా. ప్రైవేటు పడవలో హేవ్‌లాక్‌కు గంటన్నర, ప్రభుత్వ పడవలో రెండున్నర గంటలు. ప్రభుత్వ పడవ చవక, కానీ సీటు దొరకాలి.

తెలుగువాళ్లకు తరచూ వచ్చే తంటా ఒకటుంది: ఇంటిపేరు. ఫారంలో మొదటి పేరు, చివరి పేరు అని రెండు గళ్లు. మా రూమ్‌మేట్ ఆధార్‌లో ఇంటిపేరు మొదట్లో ఉంది, టెన్త్ మెమోలో ఒక అక్షరమే. అందుకే అందరి ఆధార్‌లూ మెట్ల మీద పరిచి, ఒకరు అక్షరం అక్షరం చదువుతుంటే ఇంకొకరు టైపు చేశారు. గుర్తింపు కార్డు విమానం దగ్గరే కాదు, పడవ దగ్గరా అడుగుతారు.

ఆరో మెట్టు: సంచి

చెన్నై నుంచి సముద్రం అడుగున దాదాపు 2,300 కిలోమీటర్ల కేబుల్ వేసి 2020 ఆగస్టులో ప్రారంభించారు. నెట్ మెరుగుపడింది. అయినా దీవిలో ఫోన్ పేని నమ్ముకుని చెయ్యి ఊపుకుంటూ పోవద్దు. తలా కొంత నగదు ఉంచుకోవాలి. టికెట్లు ప్రింటు తీసుకోవాలి. పడవలో తిప్పుతుందనుకునేవాళ్లు డాక్టరును అడిగి మాత్ర తెచ్చుకోవాలి, తినకుండా ఎక్కొద్దు, మెక్కి అసలే ఎక్కొద్దు. నీళ్ల సీసా ఇంటి నుంచే. తిరిగొచ్చేటప్పుడు ఒడ్డున ఏరిన గవ్వ, పగడపు ముక్క ఏదీ సంచిలో ఉండకూడదు. చట్టం ఒప్పుకోదు, విమానాశ్రయంలో పట్టుకుంటారు.

భాష గురించి బెంగ వద్దు. 2011 జనాభా లెక్కల్లో అక్కడ సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. ఎక్కువమంది పెద్దలు ఉత్తరాంధ్ర తీరం నుంచి వెళ్లినవాళ్లు. హేవ్‌లాక్‌లో మేం చేపల పులుసు బేరమాడుతుంటే గిన్నె కడుగుతున్న ఆమె తలెత్తి, "ఏటి బాబూ, అయిదాబాదు నుంచొచ్చారా?" అంది. ఆ తర్వాత ఇక బేరం ఆడలేకపోయాం.

ఏడో మెట్టు: లెక్క తేల్చడం

బయలుదేరే ముందే తలా ఐదు వేలు ఉమ్మడి సంచిలో వేశాం. ఆటో, భోజనం, కొబ్బరిబొండం అన్నీ అందులోంచే. లెక్క ఒక్కరిదే, రాయడం ఏ రోజుది ఆ రోజే. శుక్రవారం పడవ వేళకే వచ్చింది. ఖాళీగా ఉంచిన పూట ఖాళీగానే మిగిలింది. ఏం చేయాలో తోచక సముద్రపు గట్టున కూర్చుని, ఇద్దరు నిద్రపోయారు, ముగ్గురం వాళ్ల చెప్పులు దాచాం. ఆ పూటలో నోట్‌బుక్‌లో రాసిన ఖర్చు వంద రూపాయలు, ఐదు చాయ్‌లకు.

తిరిగొచ్చిన సోమవారం మళ్లీ అవే మెట్ల మీద సంచి విప్పితే ఏడు వందల ముప్పై మిగిలింది. తలా నూట నలభై ఆరు అని లెక్కల మిత్రుడు చెప్పేలోపు మిగతావాళ్లం తార్నాక టిఫిన్ సెంటరు వైపు లేచాం.

నోట్‌బుక్ ఇప్పుడు జూనియర్ల దగ్గరుంది. అందులోని ధరలూ పడవ వేళలూ పాతబడిపోయి ఉంటాయి, వాటిని కొట్టేసి కొత్తవి రాసుకోమన్నాం. చీటీలు మాత్రం మొదటి సాయంత్రమే వేశారట, ఆఖరి రాత్రి ఎక్కడో మొదటి గీతలోనే రాశారట.