వీపున మోసే నీటితిత్తి: కారుటలోని భేదాలు

కొండదారుల్లో నడిచేవారు, దూరప్రయాణాలు చేసే సైకిలు ప్రియులు వీపున తగిలించుకొనే నీటిసంచి నేడు మన విద్యార్థుల వద్ద కూడా కనిపిస్తున్నది. సంచిలోపల రెండు మూడు లీటర్లు పట్టే మెత్తని తిత్తి, దాని అడుగున ఒక గొట్టం, గొట్టం కొసన పంటితో నొక్కితే తెరుచుకొనే చీలిక గల రబ్బరు మొన ఉంటాయి. 1989లో అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో, విచిటా ఫాల్స్ పట్టణాన జరిగే వంద మైళ్ల సైకిలు యాత్రలో మైకేల్ ఐడ్సన్ అనే ఆయన సెలైన్ సంచిలో నీరు నింపి, పొడవాటి మేజోడులో దూర్చి, చొక్కా వీపుకు పిన్నులతో తగిలించుకొన్నాడు. కామెల్‌బ్యాక్ సంచికి అదే మూలం.

వస్తువు కొత్తదే గాని ఊహ పాతది. మేకతోలు మష్క్ వీపున వేసుకొని నీళ్లు మోసిన భిస్తీలను గురించి మన ఉర్దూ విద్యార్థులకు వేరుగా చెప్పనక్కరలేదు. తెలుగులో తోలుతిత్తి అన్నది దానినే. తడిసిన తోలు ఉబ్బి కుట్ల సందులను కొంతవరకు తానే పూడ్చుకొంటుంది. పైకి వచ్చిన చెమ్మ ఆవిరై లోపలి నీటిని చల్లబరుస్తుంది. ప్లాస్టిక్ తిత్తికి ఈ గుణం లేదు. అందులోనుంచి పోయినదంతా నష్టమే. మండుటెండలో, నీరు దొరకని దారిలో ఆ నష్టం ప్రాణాల మీదికి తేగలదు.

తెలుగు చెప్పేవానికి ఈ మరమ్మతుతో పనేమని కొందరు నవ్వవచ్చు. కాని చెమర్చుట, ఊరుట, బొట్లు రాలుట, ధారకట్టుట అని మన భాష వేరువేరు మాటలు ఊరకనే పెట్టుకోలేదు. కారుతున్నది వీటిలో ఏ తీరున కారుతున్నదో తెలిస్తే చోటు సగం తెలిసినట్లే. చాలామంది ఇది చూడకుండానే జిగురు కోసం బజారుకు పరుగెత్తుతారు.

తిత్తి ఒంటినిండా సమంగా చెమర్చినట్లయితే అది కారుట కాకపోవచ్చు. చల్లని నీరు నింపినప్పుడు గాలిలోని తేమ పైపొరమీద నీరుగా మారుతుంది. కాకినాడ, మచిలీపట్నం వంటి తీరపు ఊళ్లలో ఇది మరీ ఎక్కువ. తుడిచి, గది వేడిమిలో ఉన్న నీరు పోసి చూస్తే సంశయం తీరుతుంది.

గొట్టం కొసనుంచి ఆగక కారితే తిత్తిలో రంధ్రం వెదకడం వృథా. చీలికలో ఇసుక రేణువు ఇరుక్కొన్నా, రబ్బరు పంటికి తెగినా అది పూర్తిగా మూసుకోదు. అప్పుడు గొట్టం కొస తిత్తిలోని నీటిమట్టం కంటె కిందికి వ్రేలాడితే సైఫన్ ఏర్పడుతుంది. గట్టి సీసా అయితే లోపలికి గాలి చొరనిదే నీరు సాగదు; మెత్తని తిత్తి మాత్రం బయటి గాలి ఒత్తిడికి తానే ముడుచుకొంటూ చివరిదాకా నీరు వదులుతుంది. రాత్రి గుడారంలో పెట్టిన నిండుసంచి తెల్లవారేసరికి ఖాళీ అయ్యేది ఈ విధంగానే. మొనను కడగాలి, తెగినదైతే మార్చాలి. ఎల్లప్పుడు గొట్టం కొసను ఎత్తున తగిలించాలి.

మూతవద్ద, గొట్టం అతుకువద్ద బొట్లు రాలితే అక్కడి రబ్బరు వలయాన్ని తీసి చూడాలి. ఒక వెంట్రుక అడ్డుపడినా చాలును. మూతను బలంకొద్దీ బిగించడం మందు కాదు. మరలు పెడగా ఎక్కితే బిగించినకొద్దీ కారుతుంది. వలయానికి వంటనూనె రాయరాదు. కొన్ని జాతుల రబ్బరు నూనెకు ఉబ్బి పాడవుతుంది.

ఇవేవీ కానప్పుడే తిత్తిని అనుమానించాలి. సైకిలు పంక్చరు వేసేవాని పద్ధతికి మించినది లేదు: గాలి ఊది, మూత బిగించి, నీళ్ల తొట్టిలో ముంచి, బుడగలు లేచే చోట గుర్తు పెట్టాలి. అయితే పద్ధతి ఆయనదే గాని జిగురు ఆయనది పనికిరాదు. ట్యూబు రబ్బరు, తిత్తి చాలావరకు పాలియురెథేన్ పొర. క్షణంలో అంటుకొనే జిగురు గట్టిపడి, వంగినప్పుడు పెళుసై విరుగుతుంది. పాలియురెథేన్‌కు తగిన జిగురునే తీసుకోవాలి. తిత్తిని బాగా ఆరబెట్టి, స్పిరిటుతో తుడిచి, బల్లపై పరచి, అదే జాతి పొర ముక్కను వెలుపలివైపునే అంటించాలి. లోపల అంటిస్తే త్రాగే నీటికి జిగురు తగులుతుంది. ముక్క గుండ్రంగా ఉండాలి, మూలలు ముందుగా లేస్తాయి. ఒక పగలు, ఒక రాత్రి కదపక ఉంచి, పలుమార్లు కడిగిన పిమ్మట వాడవచ్చు.

అంచుల అతుకు విడిపోయినప్పుడు మాత్రం ఈ వైద్యం నిలవదు. నిండుతిత్తిని మంచుపెట్టెలో పెట్టేవారికి ఈ గతి తరచు పడుతుంది. గడ్డకట్టే నీరు సుమారు 9 శాతం ఉబ్బి అతుకును తోస్తుంది. అటువంటి తిత్తిని నమ్మి కొండ ఎక్కరాదు, మార్చవలసినదే. గొట్టాన్ని, మొనను, మూతను మాత్రం పారవేయక దాచుకోవాలి. అదే కొలత గల మరొక తిత్తికి అవి పనికివస్తాయి.