గోడ పెచ్చులూడితే బాధ్యత ఎవరిది?

ప్రశ్న: మాది నర్సీపట్నం. ముప్పై ఏళ్ల కిందట కట్టిన ఇల్లు. హాల్లో గరుకుగా వేయించిన టెక్చర్ గోడలు వానలకు చెమ్మపట్టి అక్కడక్కడా పెచ్చులూడాయి. ఊడినచోట ప్యాచ్ వేసి, పాత టెక్చర్‌లో కలిసేలా చేసి, మొత్తం రంగు వేసి అప్పగిస్తానని ఒక పెయింటింగ్ మేస్త్రి ఎనభై వేలకు గుత్త ఒప్పుకున్నారు. మూడు నెలలు తిరక్కుండానే ప్యాచ్‌లు వేసినచోట రంగు ఉబ్బి రాలుతోంది. అడిగితే ‘ఇల్లు పాతది, గోడదే తప్పు’ అంటున్నారు. రాతకోతలేమీ లేవు. కేసు వేయవచ్చా?

జవాబు: వేయవచ్చు. కాగితం లేనంత మాత్రాన ఒప్పందం లేనట్టు కాదు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం నోటిమాట ఒప్పందాన్నీ గుర్తిస్తుంది. కాకపోతే ఏం మాట్లాడుకున్నారో మీరు రుజువు చేయాలి. యూపీఐ చెల్లింపులు, వాట్సాప్ సందేశాలు, రంగుల బిల్లులు, పని జరుగుతుండగా తీసిన ఫొటోలు ఇక్కడ అక్కరకొస్తాయి. సందేశాలున్న ఫోన్‌ను మార్చకండి, వాటిని చెరపకండి.

గుత్తకు ఇవ్వడం మీకు కలిసొచ్చే అంశం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం డబ్బు తీసుకుని చేసే సేవలకు వర్తిస్తుంది కానీ, వ్యక్తిగత సేవా ఒప్పందాలను మినహాయించింది. యజమాని చెప్పిన పని చెప్పిన పద్ధతిలో చేయడం వేరు, తన నైపుణ్యంతో పని పూర్తిచేసి ఇవ్వడం వేరు అని సుప్రీంకోర్టు 1995లో వి.పి. శాంత కేసులో విడమర్చింది. ఆ కేసు వైద్యులకు సంబంధించినదే అయినా సూత్రం ఇక్కడా పనికొస్తుంది. రోజు కూలికి మనిషిని పెట్టుకుని దగ్గరుండి మీరే చేయించుకుని ఉంటే వినియోగదారుగా నిలబడటం కష్టమయ్యేది.

ఇక ‘గోడదే తప్పు’ అన్న వాదన. పాత గోడ అని తెలిసే ఆయన పని ఒప్పుకున్నారు. చెమ్మ డాబా మీద నుంచి దిగుతోందా, పైపు లీకవుతోందా అని ముందు చూడాలి. వదులైన పూతంతా గీకేసి, గోడను ఆరనిచ్చి, ప్రైమర్ వేశాకే రంగు వేయాలి. కొత్త సిమెంటు పూత ఆరడానికే దాదాపు నాలుగు వారాలు పడుతుంది. ఇవేవీ చేయకపోతే అది నిర్లక్ష్యం. లీకేజీ సంగతి తెలిసీ మీకు చెప్పకుండా దాచి ఉంటే, దాన్ని కూడా 2019 చట్టం సేవాలోపంగానే లెక్కగట్టింది. అయితే ‘ముందు డాబా లీకేజీ ఆపండి’ అని ఆయన చెప్పినా ఖర్చుకు వెనకాడి మీరు వద్దని ఉంటే మీ వాదన బలహీనపడుతుంది. ప్యాచ్ అంచు కొద్దిగా కనిపించడం కూడా పాత టెక్చర్ గోడల్లో తప్పనిసరి కావచ్చు. రంగు రాలడం మాత్రం అలాంటిది కాదు.

గోడను ఇప్పుడే మళ్లీ గీకించకండి. సాక్ష్యం అక్కడే ఉంది. ఒక సివిల్ ఇంజినీరుకు చూపించి, రంగు ఎందుకు రాలుతోందో రాతపూర్వకంగా తీసుకోండి. తర్వాత మేస్త్రికి స్పీడ్‌ పోస్టులో నోటీసు పంపండి. లోపమేమిటో, ఎన్ని రోజుల్లో సరిచేయాలో, లేదా ఎంత డబ్బు తిరిగివ్వాలో అందులో రాయండి. చాలా తగాదాలు ఈ దశలోనే తేలిపోతాయి.

తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అక్కడా పరిష్కారం కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయండి. సమస్య తలెత్తిన రోజు నుంచి రెండేళ్లలోపు వేయాలి. మీరు నివసించే ప్రాంతం ఏ కమిషన్ పరిధిలో ఉంటే అక్కడే వేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయలు దాటకపోతే ఫీజు లేదు. లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు. లోపం సరిచేయమని, డబ్బు తిరిగివ్వమని, నష్టపరిహారం చెల్లించమని కమిషన్ ఆదేశించగలదు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. అందుకు 15100కు ఫోన్ చేయవచ్చు.

ఇంట్లో పిల్లలుంటే మరో జాగ్రత్త. పాత రంగుల పొరల్లో సీసం ఉండవచ్చు. 2016 నాటి కేంద్ర నిబంధనలు ఇళ్ల రంగుల్లో సీసాన్ని పది లక్షల పాళ్లకు 90 పాళ్లకు పరిమితం చేశాయి. అంతకు ముందు వేసిన పూతలకు ఆ హామీ లేదు. పొడిగా రుద్దితే లేచే దుమ్ము పిల్లల ఒంట్లోకి చేరుతుంది. అందుకని తర్వాత మరమ్మతు చేయించేటప్పుడు గోడను తడిపి గీకించండి, ఆ గదిలోకి వారిని రానివ్వకండి. కొత్త డబ్బా మీద సీసం పరిమితి ముద్రించి ఉందో లేదో చూసి కొనండి.

ఈ వానల తర్వాత గోడల పని పెట్టుకునేవారందరికీ ఒక మాట. పని మొదలుపెట్టే ముందే ఒక తెల్లకాగితం మీద ఏ గోడలు, ఎన్ని కోట్లు, ఏ కంపెనీ రంగు, చెమ్మ ఆపే పని ఎవరిది, ఎన్ని నెలల్లోపు రాలితే ఉచితంగా సరిచేయాలి, ఏ దశలో ఎంత డబ్బివ్వాలి అన్నవి రాసుకుని ఇద్దరూ సంతకాలు చేయండి. నిజాయితీగా పనిచేసే మేస్త్రి కూడా దాన్ని కాదనడు. తన కష్టానికి రావాల్సిన డబ్బుకూ ఆ కాగితమే సాక్ష్యం కనుక.