జరం వస్తే ఇంట్లో ఏం చేయాలి? దవాఖానకు ఎప్పుడు పోవాలి?
గోదావరిఖని కుటుంబాల కోసం వానాకాలం ఆరోగ్య పాఠం

వానలు మొదలైతే ఇంట్లో ఎవరో ఒకరు పడకేస్తారు. ఒకరికి జరం, ఇంకొకరికి సర్ది, పిల్లలకు విరేచనాలు. వీటిలో చాలావరకు ఇంట్లోనే నాలుగైదు రోజుల్లో తగ్గిపోతాయి. కొన్ని మాత్రం తగ్గినట్టే కనిపించి ప్రాణం మీదకు తెస్తాయి. ఈ రెండింటికీ తేడా తెలిస్తే అనవసరపు సూదులు, సెలైన్ల ఖర్చు తప్పుతుంది, అవసరమైన రోజు ఆలస్యమూ కాదు. అందుకే ఈ పీడీఎఫ్. ఒకసారి చదివి, ఇంట్లో పెద్దవాళ్ళకు చదివి వినిపించండి.

1. జరం రాకముందే: ఇంటి మందుల డబ్బా

రాత్రి 11 గంటలకు పిల్లకు ఒళ్ళు కాలిపోతుంటే, ఇంటాయన నైట్ షిఫ్టుకు పోయి ఉంటే, అప్పుడు మందుల షాపు వెతకడం కష్టం. ఒక స్టీలు డబ్బాలోనో, ప్లాస్టిక్ డబ్బాలోనో ఇవి ముందే పెట్టుకోండి:

• డిజిటల్ థర్మామీటర్. చెయ్యి పెట్టి చూస్తే జరం ఉందని తెలుస్తుంది కానీ ఎంత ఉందో తెలియదు.
• పారాసిటమాల్ గోలీలు. చిన్నపిల్లలు ఉంటే డాక్టర్ రాసిన సిరప్.
• ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు నాలుగైదు. ఆశా కార్యకర్త దగ్గర, బస్తీ దవాఖానలో ఉచితంగా ఇస్తారు.
• బీపీ, షుగర్, దమ్ము ఉన్నవాళ్ళ రోజువారీ మందులు కనీసం వారం రోజులకు సరిపడా.
• ఒక చిన్న నోట్‌బుక్, పెన్ను.
• ఆధార్, ఆహార భద్రత కార్డు, సింగరేణి వైద్య కార్డు జిరాక్సులు ఒక కవర్లో.

డబ్బా పిల్లలకు అందని చోట పెట్టండి. ఆరు నెలలకోసారి గోలీల మీద తేదీ చూసి, గడువు దాటినవి పారేయండి. పోయినసారి మిగిలిన యాంటీబయాటిక్ గోలీలు మాత్రం డబ్బాలో దాచొద్దు. వైరల్ జరానికి అవి పనిచేయవు. సగం కోర్సు వాడితే తర్వాత నిజంగా అవసరమైనప్పుడు మందు పట్టదు.

2. మొదటి రోజు ఏం చేయాలి?

థర్మామీటర్‌లో 100.4 డిగ్రీలు దాటితే జరం అనుకోండి. నోట్‌బుక్‌లో తేదీ, టైము, ఎంత ఉందో రాయండి. "జరం ఎప్పుడు మొదలైంది?" అని డాక్టర్ మొదట అడిగేది ఇదే. "మొన్ననో అటు మొన్ననో" అంటే ఏ పరీక్ష రాయాలో డాక్టర్‌కు తేల్చడం కష్టం.

• పెద్దవాళ్ళు పారాసిటమాల్ 500 లేదా 650 గోలీ ఒకటి వేసుకోవచ్చు. మళ్ళీ అవసరమైతే ఆరు గంటల తర్వాతే. రోజు మొత్తంలో నాలుగు గోలీలు దాటొద్దు. రోజూ మందు తాగే అలవాటు, లివర్ జబ్బు ఉన్నవాళ్ళు డాక్టర్‌ను అడగకుండా వేసుకోవద్దు.
• సర్దికి అమ్మే గోలీల్లో చాలావాటిలో పారాసిటమాల్ కలిసే ఉంటుంది. జరం గోలీ, సర్ది గోలీ రెండూ వేసుకుంటే డోసు రెట్టింపు అవుతుంది. అట్ట మీద పేరు చదవండి.
• పిల్లల డోసు వయసును కాదు, బరువును బట్టి ఉంటుంది. చుక్కల మందు వేరు, సిరప్ వేరు. చుక్కల మందు చాలా గాఢంగా ఉంటుంది కాబట్టి సిరప్ లెక్కన చెంచాతో పోయొద్దు.
• దుప్పట్లు కప్పి చెమట పట్టించడం వద్దు. పలుచని బట్టలు వేసి, గోరువెచ్చని నీళ్ళలో ముంచిన గుడ్డతో తుడవండి.
• గంజి, జావ, సల్ల, పప్పు కట్టు, కొబ్బరినీళ్ళు కొంచెం కొంచెంగా తాగిస్తూ ఉండండి. అన్నం తినబుద్ధి కాకపోయినా ఫర్వాలేదు, నీళ్ళు మాత్రం ఆగొద్దు.

మూడు నెలల లోపు పసిపిల్లకు జరం వస్తే ఇంట్లో చూసుకోవద్దు. అదే రోజు దవాఖానకు తీసుకుపోండి. గర్భిణులు కూడా అంతే.

3. డెంగీ: జరం తగ్గిన రోజే అసలు జాగ్రత్త

ఈ భాగం రెండుసార్లు చదవండి.

ఒక ఉదాహరణ అనుకుందాం. సెకండ్ షిఫ్టులో పనిచేసే ఒకాయనకు సోమవారం సాయంత్రం జరం మొదలైంది. కళ్ళ వెనక నొప్పి, ఒళ్ళంతా నొప్పులు. నొప్పి తట్టుకోలేక షాపులో పెయిన్ కిల్లర్ అడిగి వేసుకున్నాడు. గురువారం రాత్రి జరం దిగింది. "ఇంక తగ్గింది, మస్టర్ పోతది" అని శుక్రవారం డ్యూటీకి తయారయ్యాడు. పొద్దుటి నుంచి కడుపులో నొప్పి, రెండుసార్లు వాంతి. వట్టి నీరసమే అనుకున్నాడు.

ఇందులో రెండు తప్పులు ఉన్నాయి. మొదటిది పెయిన్ కిల్లర్. డెంగీ అనుమానం ఉన్నప్పుడు ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ వాడితే లోపల రక్తస్రావం అయ్యే ప్రమాదం పెరుగుతుంది. నొప్పికైనా, జరానికైనా పారాసిటమాల్ ఒక్కటే. గుండె జబ్బుకు డాక్టర్ రాసిన ఆస్పిరిన్ రోజూ వేసుకునేవాళ్ళు సొంతంగా మానకుండా, జరం వచ్చిన రోజే డాక్టర్‌ను అడగాలి.

రెండోది, జరం దిగితే జబ్బు పోయిందనుకోవడం. డెంగీలో ప్రమాదం ఎక్కువగా మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య, జరం దిగే సమయంలోనే వస్తుంది. రక్తనాళాల నుంచి నీరు బయటకు కారి బీపీ పడిపోతుంది. ఆ రెండు రోజులు మనిషిని ఒంటరిగా వదలొద్దు, డ్యూటీకి పంపొద్దు.

ఈ గుర్తుల్లో ఒక్కటి ఉన్నా ఆగకుండా ఆసుపత్రికి పోవాలి:

• కడుపులో తగ్గని నొప్పి
• ఆగకుండా వాంతులు
• చిగుళ్ళ నుంచి, ముక్కు నుంచి రక్తం, నల్లటి విరేచనం
• చేతులు కాళ్ళు చల్లబడటం, లేస్తే కళ్ళు తిరగడం
• ఆరు గంటలుగా మూత్రం రాకపోవడం
• మత్తుగా పడి ఉండటం లేదా ఊరికే చిరాకు పడటం

పరీక్షల సంగతి: జరం మొదలైన మొదటి ఐదు రోజుల్లో ఎన్‌ఎస్‌1, ఆ తర్వాత ఐజీఎం ఎలైసా పరీక్ష చేస్తారు. అందుకే తేదీ రాసి పెట్టుకోమన్నాం. ప్లేట్‌లెట్ల అంకె ఒక్కటే చూసి గాబరా పడొద్దు, ఆ అంకె బాగుందని ధీమాగా కూర్చోనూ వద్దు. డాక్టర్ బీపీ, పీసీవీ, పై గుర్తులు అన్నీ కలిపి చూస్తారు.

డెంగీ దోమ పగలు కుడుతుంది, శుభ్రమైన నిలవ నీటిలో పెరుగుతుంది. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. అందుకే ప్రతి శుక్రవారం డ్రై డే. వేసవి అయిపోయాక మూలకు పెట్టిన కూలర్ తొట్టి, డాబా మీది పాత టైరు, ఫ్రిజ్ వెనక ట్రే, పూలకుండీ కింది పళ్ళెం ఆ రోజు ఖాళీ చేసి, తుడిచి ఆరబెట్టండి.

4. విరేచనాలు, వాంతులు

విరేచనాలతో ప్రాణం పోయేది ఒంట్లో నీరు, ఉప్పు పోవడం వల్ల. కాబట్టి మొదటి మందు ఓఆర్‌ఎస్.

ఒక పెద్ద ప్యాకెట్ మొత్తం ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఒకేసారి కలపాలి. సగం ప్యాకెట్ గ్లాసులో కలపడం తప్పు. కలిపిన నీళ్ళు 24 గంటలు దాటితే పారబోయండి. ప్యాకెట్ లేకపోతే ఒక లీటరు నీళ్ళలో ఆరు టీ స్పూన్ల చక్కెర, అర టీ స్పూన్ ఉప్పు. స్పూన్లు తలకొట్టి కొలవండి. ఉప్పు ఎక్కువైతే పిల్లలకు హాని.

వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి మళ్ళీ చెంచాతో మొదలుపెట్టండి. తల్లిపాలు ఆపొద్దు. ఆరు నెలలు దాటిన పిల్లలకు జింక్ గోలీ 20 మిల్లీగ్రాములు రోజుకు ఒకటి చొప్పున 14 రోజులు ఇవ్వాలి. రెండో రోజే విరేచనాలు ఆగినా 14 రోజులు పూర్తి చేయండి. విరేచనాలు ఆపే గోలీలు పిల్లలకు వేయొద్దు. కళ్ళు లోపలికి పోయినా, విరేచనంలో రక్తం పడినా, పిల్ల తాగలేకపోయినా దవాఖానకు పోవాలి.

5. సర్ది, దగ్గు, దమ్ము

మామూలు సర్ది, దగ్గు వారం పది రోజుల్లో తగ్గుతాయి. ఉప్పు నీళ్ళతో పుక్కిలించడం, గోరువెచ్చని నీళ్ళు తాగడం చాలు. కిటికీలు తెరిచి ఉంచండి. దగ్గేవాళ్ళు ముసలివాళ్ళకు, పసిపిల్లలకు దూరంగా పడుకోవాలి, మాస్కు కట్టుకోవాలి.

చిన్నపిల్లలకు ఊపిరి లెక్కపెట్టండి. పిల్ల ఏడవకుండా ఉన్నప్పుడు పూర్తి ఒక నిమిషం పొట్ట కదలిక చూడాలి. రెండు నెలల నుంచి ఏడాది లోపు పిల్లకు 50, ఏడాది నుంచి ఐదేళ్ళ పిల్లకు 40 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే న్యుమోనియా అనుమానించాలి. ఊపిరి తీస్తుంటే డొక్కలు లోపలికి పోతుంటే అసలు ఆగొద్దు.

బొగ్గు, రాతి దుమ్ములో పనిచేసినవాళ్ళకు, రిటైరైన వాళ్ళకు ఒక మాట. "బాయిల పనిచేసినోళ్ళకు దగ్గు మామూలే" అని వదిలేయొద్దు. రాతి దుమ్ము ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది, టీబీ వచ్చే అవకాశాన్ని పెంచుతుంది. దగ్గు రెండు వారాలు దాటినా, సాయంత్రం పూట జరం వస్తున్నా, బరువు తగ్గుతున్నా తెమడ పరీక్ష చేయించుకోండి. ప్రభుత్వ దవాఖానల్లో టీబీ పరీక్ష, మందులు ఉచితం. టీబీ అని తేలితే నిక్షయ్ పోషణ్ యోజన కింద చికిత్స జరిగే కాలానికి నెలకు 1000 రూపాయల చొప్పున బ్యాంకు ఖాతాలో వేస్తారు. 2024 నవంబర్ దాకా ఇది 500 ఉండేది. ఖాతా నంబర్ ఇవ్వడం మరిచిపోవద్దు.

6. డ్యూటీకి పోవాలా, వద్దా?

మస్టర్ పోతే నష్టమే, అది అందరికీ తెలుసు. అయినా ఈ మూడు సందర్భాల్లో పోవద్దు:

ఒకటి, జరం ఉన్నప్పుడు. గోలీ వేసుకుంటే వేడి తగ్గుతుంది కానీ ఒళ్ళు అప్పటికే నీరు కోల్పోయి ఉంటుంది. భూగర్భ గనిలో ఉక్క, ఓపెన్‌కాస్టులో ఎండ తోడైతే కళ్ళు తిరిగి పడిపోతారు.

రెండు, సర్ది గోలీ వేసుకున్నప్పుడు. సిట్రిజిన్, క్లోర్‌ఫెనిరమిన్ లాంటివి నిద్ర తెస్తాయి. డంపర్, షావెల్, డోజర్, లారీ, ఆటో ఏది నడిపేవాళ్ళైనా ఆ గోలీ వేసుకుని స్టీరింగ్ పట్టొద్దు. మీతో పాటు పక్కవాళ్ళ ప్రాణం కూడా అందులో ఉంది.

మూడు, జరం దిగిన మొదటి రెండు రోజులు, డెంగీ కాదని తేలేదాకా.

డ్యూటీలో ఉండగా ఒళ్ళు తేడా చేస్తే దాచుకోవద్దు. మైనింగ్ సర్దార్‌కో, ఓవర్‌మన్‌కో వెంటనే చెప్పండి. ఈఎస్‌ఐ వర్తించే ఫ్యాక్టరీ, షాపు కార్మికులకు చందా అర్హత ఉంటే, ఈఎస్‌ఐ డాక్టర్ సర్టిఫికెట్ మీద ఏడాదిలో 91 రోజుల వరకు జీతంలో 70 శాతం అనారోగ్య భృతి వస్తుంది. అందుకే మొదటి రోజే డాక్టర్‌కు చూపించి సర్టిఫికెట్ తీసుకోండి.

7. ఎక్కడికి పోవాలి? ఏ కార్డు పట్టుకుపోవాలి?

• మామూలు జరం, బీపీ, షుగర్ మందులు: మీ వార్డుకు దగ్గరి బస్తీ దవాఖాన లేదా పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం. డాక్టర్, మందులు ఉచితం. తెలంగాణ డయాగ్నస్టిక్స్ ద్వారా రక్త పరీక్షలు కూడా ఉచితం.
• ప్రమాద గుర్తులు ఉంటే: గోదావరిఖని ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి.
• సింగరేణి ఉద్యోగులు, వాళ్ళ మీద ఆధారపడినవాళ్ళు: కంపెనీ డిస్పెన్సరీ, ఏరియా ఆసుపత్రి. రిటైరైనవాళ్ళు సీపీఆర్‌ఎంఎస్ కార్డు వెంట తీసుకుపోవాలి.
• ఆరోగ్యశ్రీ: ఆసుపత్రిలో చేరి చేయించుకునే, పథకం జాబితాలో ఉన్న చికిత్సలకు ఇది. మామూలు ఓపీ చీటీకి, బయట కొన్న గోలీలకు వర్తించదు. కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు ఉన్న పరిమితిని 2023 డిసెంబర్ 9 నుంచి 10 లక్షలు చేశారు. చేరే ముందే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను కలవండి, డబ్బు కట్టాక కాదు. సందేహం ఉంటే 104.
• ఇల్లు కదలలేనివాళ్ళు: ఈ-సంజీవని ద్వారా ఫోన్‌లోనే డాక్టర్‌తో మాట్లాడవచ్చు.

సూది వేస్తేనే జరం తగ్గుతుందన్నది అపోహ. అర్హత లేనివాళ్ళు ఇచ్చే సూదుల్లో స్టెరాయిడ్ ఉంటే ఆ పూటకు హాయిగా అనిపిస్తుంది, లోపల జబ్బు ముదురుతుంది. ఏ సూది వేసినా దాని పేరు చీటీ మీద రాసి ఇవ్వమని అడగండి. అది మీ హక్కు.

8. ఒంటరిగా ఉండేవాళ్ళకు, చూసుకునేవాళ్ళకు

పిల్లలు హైదరాబాద్‌లోనో, దుబాయ్‌లోనో ఉండి ఇక్కడ పెద్దవాళ్ళు ఇద్దరే ఉన్న ఇళ్ళు మన దగ్గర ఎన్నో. జరం వచ్చిన రోజే పక్కింటివాళ్ళకు చెప్పండి. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి ఫోన్ చేసే మనిషిని పెట్టుకోండి. ఫోన్ ఎత్తకపోతే వచ్చి తలుపు తట్టమని చెప్పి, ఇంకో తాళంచెవి వాళ్ళకు ఇవ్వండి.

షుగర్ ఉన్నవాళ్ళు తిండి తగ్గినా ఇన్సులిన్ సొంతంగా మానొద్దు. డాక్టర్‌ను అడిగి డోసు మార్చుకోవాలి. రోగిని చూసుకునేవాళ్ళు సబ్బుతో చేతులు కడుక్కోవాలి, వేళకు తినాలి, వంతులు వేసుకోవాలి. ఇంటి ఆడమనిషి జరంతో పడుకుంటే "నాకేమైంది లే" అని లేచి వంట చేస్తుంది. ఆ రోజు పొయ్యి దగ్గర ఇంకొకరు నిలబడాలి. థర్మామీటర్ ఆమెకు కూడా పెట్టండి.

9. వెంటనే 108 కు ఫోన్ చేయాల్సినవి

ఊపిరి అందకపోవడం, ఛాతీలో నొప్పి, ఫిట్స్, స్పృహ తప్పడం, మాట తడబడటం లేదా మూతి వంకర పోవడం, రక్తం ఆగకపోవడం, పసిపిల్ల పాలు తాగడం మానేయడం. 108 అంబులెన్సు ఉచితం, రాత్రి పగలు ఎప్పుడైనా వస్తుంది. మీ వీధి పేరు, దగ్గరి గుడి లేదా స్కూలు, క్వార్టర్ నంబర్ స్పష్టంగా చెప్పండి. ఒక మనిషిని రోడ్డు మీద నిలబెట్టండి.

ఈ పూట చేయాల్సిన పని ఒక్కటే. ఇంట్లో థర్మామీటర్ ఉందో లేదో, ఓఆర్‌ఎస్ ప్యాకెట్ ఉందో లేదో లేచి చూడండి. లేకపోతే రేపు పొద్దున ఆశా కార్యకర్తను కలిసి ఓఆర్‌ఎస్ తీసుకోండి, థర్మామీటర్ కొనుక్కోండి. ఆ తర్వాత ఈ పీడీఎఫ్‌ను మీ ఇంటి గ్రూపులో, మీ షిఫ్టు గ్రూపులో పంపండి.