నాణెంపై స్వేచ్ఛా చిహ్నం

'సిక్కా', 'ఖుత్బా' అన్న జంటపదాలు ఉర్దూ విద్యార్థులకు సుపరిచితాలు. నాణెంపై తన నామాంకనం, శుక్రవారపు ప్రసంగంలో తన ప్రస్తావన మధ్యయుగపు ముస్లిం పాలకునకు సార్వభౌమత్వ లక్షణాలు. నాణెం ప్రభువు ముద్ర అన్న ఈ భావం ఇతర దేశాలలోనూ ఉన్నదే. అట్టి నాణెంపై ప్రభువునకు మారుగా స్వేచ్ఛ నిలిచినప్పుడు, ఆ స్వేచ్ఛ ఎవరిదన్న ప్రశ్న సహజంగా ఉదయిస్తుంది.

పాశ్చాత్య నాణేలపై స్వేచ్ఛకు గుర్తు ఒక టోపీ. ప్రాచీన రోములో విముక్తి పొందిన బానిస ధరించే అంచులేని ఉన్నిటోపీ అది. క్రీ.పూ. 44 మార్చి 15న జూలియస్ సీజరును వధించిన వారిలో ముఖ్యుడైన బ్రూటస్, అనంతరం తాను ముద్రింపించిన వెండి నాణెంపై రెండు బాకుల నడుమ ఈ టోపీనే నిలిపి, క్రింద ఆ హత్యాదినాన్ని వేయించాడు. సీజరు ఏలుబడిలో పౌరులు బానిసలేననీ, ఈ బాకులే వారిని విడిపించాయనీ తాత్పర్యం. కాని నాణెం రెండవ వైపున ఉన్నది బ్రూటస్ శిరస్సే! జీవించియున్న వ్యక్తి రూపాన్ని రోము నగరపు నాణేలకెక్కించే ఆచారం సీజరుతో వచ్చినది. సీజరును చంపినవాడూ దానినే అనుసరించాడు.

పద్దెనిమిదవ శతాబ్దపు విప్లవకారులు రోము చరిత్రను శ్రద్ధగా చదివినవారు. అందుచేత ఈ టోపీ ఫ్రాన్సుకూ, అమెరికాకూ చేరింది. 1792లో అమెరికా నాణేల చట్టం చర్చకు వచ్చినప్పుడు అధ్యక్షుని శిరస్సును ముద్రించాలని సెనేటు ప్రతిపాదించగా, అది రాజరికపు పోకడ అని ప్రతినిధుల సభ తిరస్కరించింది. నాణెంపై స్వేచ్ఛను సూచించే ముద్ర ఉండాలని శాసించారు. 1793 నాటి అర సెంటు రాగినాణెంపై స్త్రీమూర్తి శిరస్సు, ఆమె వెనుక కర్రపై టోపీ కనిపిస్తాయి. అయితే బానిసత్వం ఆ దేశమంతటా రద్దయినది 1865లో మాత్రమే. విముక్త బానిస టోపీని మోసిన నాణేలతోనే అన్నాళ్ళూ బానిసల క్రయవిక్రయాలు సాగాయి.

ఈ వైరుధ్యం అప్పటివారికి తెలియనిదని భావించరాదు. 1850ల మధ్యలో వాషింగ్టన్ కాపిటల్ భవనంపై నిలిపేందుకు శిల్పి థామస్ క్రాఫర్డ్ స్వేచ్ఛామూర్తికి ఈ టోపీని తొడుగగా, యుద్ధశాఖ కార్యదర్శి జెఫర్సన్ డేవిస్ ఆక్షేపించాడు. పుట్టుకతోనే స్వతంత్రులైన ప్రజలకు విముక్త బానిసల గుర్తు తగదని అతని వాదం. డేవిస్ స్వయంగా బానిసల యజమాని. 1861లో బానిసత్వాన్ని నిలుపుకొనగోరిన దక్షిణాది రాష్ట్రాల కూటమికి అధ్యక్షుడైనాడు. టోపీ అర్థాన్ని దానిని మెచ్చినవారికంటె అతడే స్పష్టంగా గ్రహించాడనిపిస్తుంది. శిల్పి టోపీని తీసి శిరస్త్రాణం పెట్టాడు. నాటి వెండి నాణేలపై కూర్చున్న స్వేచ్ఛామూర్తి చేతికర్రపై మాత్రం టోపీ అలాగే ఉండిపోయింది.

ఆ విగ్రహాన్ని కంచుతో పోతపోసిన పనివారిలో ఫిలిప్ రీడ్ అనే బానిస ఉన్నాడు. 1862లో అతనికి విముక్తి లభించింది. విగ్రహం గోపురాగ్రానికి చేరినది 1863 డిసెంబరులో.