భూకంపంలో ఇల్లు కూలితే: తొలి గంటల్లో తెలిసి ఉండవలసిన సంగతులు

1993 సెప్టెంబరు 30వ తేదీ, తెల్లవారుజామున 3 గంటల 56 నిమిషాలు. మహారాష్ట్రలోని లాతూరు, ఉస్మానాబాదు జిల్లాల పల్లెల్లో జనం ముందు రాత్రి వినాయక నిమజ్జనం చేసుకొని ఆలస్యంగా పడుకున్నారు. అందరూ గాఢ నిద్రలో ఉన్నారు. అప్పుడు భూమి కంపించింది. కంపించినది అర నిమిషం, కొంచెం అటూ ఇటూ. ఆ కాస్త సమయంలోనే కిల్లారి, సాస్తూరు మొదలైన గ్రామాలు మట్టి దిబ్బలైపోయాయి. చనిపోయినవారు దాదాపు 8 వేల మంది అని ప్రభుత్వం లెక్క చెప్పింది. 9,700 మంది పైగా అని చెప్పే లెక్కలు కూడా ఉన్నాయి. గాయపడినవారు వేలల్లో ఉన్నారు.

కిల్లారి మనకు పరాయి దూరం కాదు. జహీరాబాదు దాటి, బీదరు మీదుగా పోతే వచ్చే ప్రాంతమే. ఆ రోజు హైదరాబాదులో కూడా అదురు తెలిసింది. అక్కడి ఇళ్ళు, మన పల్లెల్లోని పాత మిద్దెలు ఒకే తీరువి. ఈ పాఠానికి కిల్లారిని తీసుకోవడానికి కారణం ఇదే.

భూమి ఎందుకు కంపించింది?

మనం నిలబడిన నేల ఒకే ముక్క కాదు. భూమి పైపొర పెద్ద పెద్ద పలకలుగా ఉంది. మన దేశం ఉన్న పలక ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్లు, అంటే మూడు వేళ్ళ వెడల్పు, ఉత్తరానికి జరుగుతూ ఆసియాను నెడుతున్నది. ఆ రాపిడి వల్లనే హిమాలయాల దగ్గర భూకంపాలు ఎక్కువ. అయితే ఆ ఒత్తిడి అక్కడితో ఆగదు. దక్కను పీఠభూమి లోపల కూడా ఎప్పటివో పాత బీటలు ఉన్నాయి. ఒత్తిడి ఏళ్ళ తరబడి పేరుకొని, ఏదో ఒక రోజు ఆ బీట వెంట రాయి జారుతుంది. కిల్లారిలో జరిగింది అదే. రాయి జారిన చోటు భూమిలో ఎక్కువ లోతున లేదు. అందుకే పైనున్న ఊళ్ళకు దెబ్బ గట్టిగా తగిలింది.

ఆ తరువాత హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు కిల్లారిలో 600 మీటర్లకు పైగా లోతు బోరు వేసి పరిశీలించారు. పైన ఉన్న నల్లరాతి పొర 340 మీటర్ల వరకు ఉండి, దాని కింద ఇంకా పాత రాయి కనిపించింది. దగ్గరలోని తేర్ణ జలాశయం నీటి బరువే కారణమని కొందరు అనుమానించారు గాని దానిపై ఏకాభిప్రాయం కుదరలేదు.

అప్పటి భూకంప పటంలో ఆ ప్రాంతం అన్నిటికంటే తక్కువ ప్రమాదమున్న మొదటి మండలంలో ఉండేది. 1992 ఆగస్టు నుండే అక్కడ చిన్న చిన్న అదుర్లు వచ్చాయి. ఆ ఏడాది అక్టోబరు 18న కాస్త పెద్దదే వచ్చింది. కొందరు భయపడి ఆరుబయట పడుకున్నారు. నెలలు గడిచే కొద్దీ భయం తగ్గి లోపలికి వెళ్ళిపోయారు. వారిని తప్పుపట్టలేము. ఏడాది పొడవునా ఎవరు బయట పడుకుంటారు? ఫలానా రోజున పెద్ద భూకంపం వస్తుందని ముందుగా చెప్పగలిగే విధానం ఈనాటికీ లేదు. అలా చెప్పే సందేశాలు మీ ఫోనుకు వస్తే నమ్మవద్దు, ఇతరులకు పంపవద్దు. 2002లో పటాన్ని సవరించినప్పుడు ఆ మొదటి మండలాన్నే తీసివేశారు. కిల్లారి ప్రాంతాన్ని మూడవ మండలంలో చేర్చారు.

ఇంతమంది ఎందుకు చనిపోయారు?

ఆ భూకంప తీవ్రత 6.2. గట్టి ఇళ్ళు కట్టుకున్న దేశాల్లో ఇంతటి కంపనానికి ఇంత ప్రాణనష్టం జరగదు. కిల్లారిలో జనాన్ని చంపినవి గోడలు, పైకప్పులు.

అక్కడి గోడలు గుండ్రని నల్లరాళ్ళను మట్టితో పేర్చి కట్టినవి. రెండడుగులు, మూడడుగులు, కొన్ని ఇళ్ళలో అంతకంటే మందం. చూడటానికి కోట గోడలా ఉంటుంది. నిజానికి అది ఒక గోడ కాదు. లోపలి వైపు ఒక వరుస, బయటి వైపు ఒక వరుస, నడుమ చిల్లరరాళ్ళు, మట్టి. ఈ పక్క నుండి ఆ పక్కకు నిండుగా పట్టే పొడుగు రాళ్ళు లేవు. భూమి అటూ ఇటూ ఊగగానే రెండు వరుసలు విడిపోయి, ఒకటి వీధిలోకి, ఒకటి పడుకున్నవారి మీదికి పడింది. ఆపైన కప్పు. దూలాల మీద చెక్కలు, చెక్కల మీద అడుగు, అడుగున్నర, కొన్నిచోట్ల రెండడుగుల మట్టి. వాన కురవకుండా ఏటేటా ఇంకాస్త మట్టి పోస్తారు. ఎండకు చల్లగా ఉంటుంది, నిజమే. కాని అది టన్నుల బరువు. చాలామంది ఎముకలు విరిగి కాదు, ఆ మట్టిలో ఊపిరి ఆడక చనిపోయారు.

ఒక సంగతి గమనించండి. కొన్ని ఇళ్ళలో కప్పు బరువును గోడలు కాక చెక్క స్తంభాలు మోస్తున్నాయి. అక్కడ గోడలు పడిపోయినా స్తంభాలు, కప్పు నిలిచి మనుషులు బతికారు. అవే ఊళ్ళలో పిల్లర్లు వేసి కట్టిన కొద్ది ఇళ్ళు కూడా నిలిచాయి.

రాయలసీమలోనూ, తెలంగాణలోనూ ఇప్పటికీ మట్టి మిద్దెలు ఉన్నాయి. భూకంపం దాకా ఎందుకు, నాలుగు రోజులు ముసురు పడితేనే మిద్దె కూలి నిద్రలో మనుషులు పోయిన వార్త ప్రతి వానాకాలం వింటూనే ఉన్నాము. 2024 డిసెంబరు 4న ఉదయం 7 గంటల 27 నిమిషాలకు ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూకంపం వచ్చింది. రెండు రాష్ట్రాల్లోనూ చాలా జిల్లాల్లో కంపనం తెలిసింది. ప్రాణనష్టం లేదు. అంతకుముందు 1967లో ఒంగోలు దగ్గర, 1969లో భద్రాచలం దగ్గర ఇటువంటివి వచ్చాయి. కాబట్టి మీ ఇంట్లో పెద్దలు పాత మిద్దె కింద పడుకుంటూ ఉంటే, కప్పు మీద కొత్త మట్టి పోయడం మాని పాత మట్టిని తగ్గించండి. గోడ ఉబ్బినట్లు కనబడితే ఆ గోడ పక్కన మంచం వేయకండి. కొత్తగా కట్టే ఇంటికి కిటికీల పైన నాలుగు గోడలనూ చుట్టి పట్టే కాంక్రీటు బెల్టు వేయించండి. మేస్త్రీ అక్కరలేదంటే నమ్మవద్దు.

మొదట వచ్చినది పొరుగువారే

కిల్లారిలో తెల్లవారేసరికి ఫోనులు లేవు, కరెంటు లేదు. ఆ తరువాత వాన కూడా పడింది. సైన్యం, వైద్య బృందాలు వచ్చాయి. గాయపడినవారిని లాతూరు, షోలాపూరు ఆసుపత్రులకు తరలించారు. అయితే అంతకు ముందే పారలు, గడ్డపారలు, ఉత్త చేతులతో మనుషులను బయటకు తీసింది ఇరుగుపొరుగువారే. ఏ భూకంపంలోనైనా ఇంతే. ప్రాణాలతో బయటపడేవారిలో ఎక్కువమంది మొదటి రోజునే, పక్కవారి చేతుల మీదుగానే బయటపడతారు. అలాగని తరువాత ఆశ వదులుకోకూడదు. ఏడాదిన్నర వయసున్న ఒక పాపను నాలుగు రోజులు దాటిన తరువాత సైనికులు ప్రాణాలతో తీశారు. మంచం కింద కాస్త ఖాళీ మిగలడం వల్ల ఆ పాప బతికింది.

శవాలవల్ల అంటురోగాలు వస్తాయని చాలామంది భయపడతారు. దెబ్బలతో చనిపోయిన మనుషుల శరీరాల వల్ల ఊరికి మహమ్మారి రాదు. జబ్బులు వచ్చేది చెడిన నీటి వల్ల. కాబట్టి శవాలను గుర్తుపట్టకుండా తొందరపడి దహనం చేయడం కంటే, తాగేనీటిని కాచి తాగడం మీద ముందు దృష్టి పెట్టాలి. తమవారిని గుర్తించి సాగనంపుకోలేని కుటుంబాల బాధ ఏళ్ళ తరబడి పోదు.

మాట్లాడుతూనే చనిపోయే మనిషి

ఈ పాఠంలో ముఖ్యమైన భాగం ఇదే. దయచేసి నిదానంగా చదవండి.

ఒక మనిషి కాలు గోడ కింద ఇరుక్కుంది. నాలుగైదు గంటలు అలాగే ఉన్నాడు. స్పృహలో ఉన్నాడు, మాట్లాడుతున్నాడు, నీళ్ళు అడిగాడు. అందరూ కలిసి రాయి ఎత్తి బయటకు లాగారు. బతికాడని సంతోషించారు. కాసేపటికే గుండె ఆగిపోయింది. లేదా రెండు రోజుల తరువాత మూత్రం ఆగిపోయింది. ఎందుకు?

బరువు కింద నలిగిన కండకు రక్తం అందదు. కండ చచ్చిపోతుంది. దానిలోని పొటాషియం, కండకు ఎర్రరంగునిచ్చే పదార్థం బయటకు వస్తాయి. బరువు ఉన్నంతసేపు అవి ఆ కాలిలోనే ఉంటాయి. బరువు తీయగానే రక్తంతో కలిసి ఒక్కసారిగా పైకి వస్తాయి. పొటాషియం గుండెను ఆపుతుంది. ఆ ఎర్ర పదార్థం మూత్రపిండాలను పూడ్చివేస్తుంది. 1941లో లండనులో బాంబులు పడిన ఇళ్ళ కింద నుండి తీసినవారిలో బైవాటర్స్, బీల్ అనే వైద్యులు దీనిని వివరంగా గుర్తించారు. 1988లో ఆర్మేనియా భూకంపంలో డయాలసిస్ సరిపడక ఇటువంటివారు చాలామంది పోయారు. ఆ అనుభవంతో మూత్రపిండాల వైద్యులు దేశాల మధ్య ఒక సహాయ బృందాన్ని ఏర్పాటు చేసుకున్నారు. 1999లో టర్కీ భూకంపం వచ్చినప్పుడు ఆ ఏర్పాటు అక్కరకు వచ్చింది. అక్కడ మూత్రపిండాలు దెబ్బతిన్న 639 మందిలో 477 మందికి డయాలసిస్ చేశారు. ఆ 639 మందిలో ఎక్కువమంది బతికారు.

మరి మనం ఏమి చేయాలి? ముక్కులో, నోటిలో మట్టి ఉంటే ముందు అది తీయండి. ఛాతీ గాని మెడ గాని నలుగుతూ ఉంటే వేచి ఉండకుండా బరువు తీయండి, ఊపిరి ముఖ్యం. ఇప్పుడే పడినదైతే, అంటే కొద్ది నిమిషాలే అయితే, వెంటనే తీయండి. కాని చేయి గాని కాలు గాని గంటకు పైగా నలిగి ఉంటే 108కి ఫోను చేసి, మనిషి బరువు కింద ఇరుక్కొని ఉన్నాడని, ఎంతసేపటినుండి ఉన్నాడో చెప్పండి. బరువు తీయకముందే సెలైను ఎక్కించడం మొదలుపెడితే ప్రాణం నిలిచే అవకాశం పెరుగుతుంది. సహాయం వచ్చే దారి లేకపోయినా, మంటలో వరదలో ప్రమాదం ఉన్నా తీయక తప్పదు. తీసిన వెంటనే డయాలసిస్ ఉన్న ఆసుపత్రికి తీసుకుపోండి.

కొబ్బరినీళ్ళు తాగించవద్దు. మన ఊళ్ళలో సొమ్మసిల్లిన మనిషికి మొదట తెచ్చేది అదే. కొబ్బరినీళ్ళలో పొటాషియం ఎక్కువ. పండ్లరసం, అరటిపండు కూడా అంతే. ఓ.ఆర్.ఎస్. పొడిలోనూ పొటాషియం ఉంది. మనిషి తెలివిలో ఉండి, కడుపుకు దెబ్బ లేకపోతే మామూలు నీళ్ళు గుక్కెడు గుక్కెడు ఇవ్వవచ్చు. తెలివిలేని మనిషి నోట్లో ఏమీ పోయరాదు. వాచిన కాలికి నూనె రాయడం, పిసకడం, నాటు కట్టు బిగించడం చేయరాదు. వాచే కాలికి బిగుతు కట్టు కడితే కాలే పోతుంది. మెడికల్ షాపులో నొప్పి బిళ్ళలు కొని వేయకండి, చాలా నొప్పి బిళ్ళలు మూత్రపిండాలకు చేటు.

నడుముకో మెడకో దెబ్బ ఉందనుకుంటే ఇద్దరు చేతులు, ఇద్దరు కాళ్ళు పట్టి ఊయలలా ఎత్తకండి. వార్డులో కాళ్ళు పడిపోయిన రోగులను చూసేవారికి ఆ ఎత్తడం ఎంత నష్టమో తెలుసు. ఒకరు తలను కదలకుండా పట్టుకోగా, మిగిలిన ముగ్గురు దుంగను దొర్లించినట్లు శరీరాన్ని ఒకేసారి తిప్పి తలుపు చెక్క మీదికి చేర్చండి.

ఆసుపత్రికి చేరిన తరువాత ఎన్ని గంటలకు పడింది, ఎన్ని గంటలకు తీశారు అనే రెండు సమయాలు కాగితం మీద రాసి డాక్టరుగారికి ఇవ్వండి. గాయం ఉంటే ధనుర్వాతం ఇంజెక్షను అడగండి. మూత్రం టీ డికాక్షను రంగులో వచ్చినా, తగ్గినా వెంటనే సిస్టరుకు చెప్పండి. ఆ మూత్రాన్ని పారబోయకుండా కొలిచేదాకా ఉంచండి. చాలామందికి కొద్ది వారాల డయాలసిస్ తరువాత మూత్రపిండాలు మళ్ళీ పని మొదలుపెడతాయి. డయాలసిస్ అనగానే జీవితాంతం అని బెదిరి రోగిని ఇంటికి తీసుకుపోకండి.

మీరు వార్డులో ఉండగా అదిరితే

రోగి చేతికున్న సెలైను, ఆక్సిజను గొట్టాలు పీకి రోగిని ఈడ్చుకుంటూ పరుగెత్తకండి. మంచానికి చక్రాలుంటే బ్రేకు వేయండి, దిండుతో రోగి తల, ముఖం కప్పండి, మీరు మంచం పక్కనే తల దాచుకొని కూర్చోండి. కిటికీ అద్దాలకు, నిలబెట్టిన సిలిండరుకు దూరంగా ఉండండి. ఇంట్లో ఉంటే గట్టి బల్ల కిందికి చేరండి. మట్టి మిద్దె అయి వాకిలి రెండు అడుగుల్లో ఉంటే మాత్రం బయటకు పోవడమే మేలు. అదురు ఆగిన తరువాత సిస్టరు చెప్పిన దారినే, మెట్ల మీదుగా దిగండి. లిఫ్టు ఎక్కకండి. నడవలేని రోగిని దుప్పటిలో ఎత్తాలంటే నలుగురు కావాలి, పక్క మంచం వారి బంధువులను పిలవండి.